భయానక సంజీవని: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యాలు

మూలము

దీప మార్పి తలుపు తెరువకుండగ మూసి
చెవుల యంత్ర ముంచి చేత మీట
పట్టి దయ్యమునకు భయపడు నాతడే
మరల మొదలుపెట్టు మరణ మొంది

అవతారిక. వీడియో గేములన్నిటిలోకీ దయ్యాల గేములే గొప్పవని బడికి వెళ్ళే రోజుల్లోనే తీర్మానించుకొని, చత్వారం వచ్చాక కూడా ఆ తీర్మానం సడలించని ఒక ఆటగాడు, "అర్ధరాత్రి దాటింది, ఇంకా ఆ గదిలో ఏం చేస్తున్నావురా?" అన్న ప్రశ్నకు జవాబుగా చెప్పిన పద్యమిది. ఛందస్సు ఆటవెలది. ఆటల మీద పద్యం సీసంలో చెప్పి ఉంటే కవిని నిలదీయవలసి వచ్చేది. మూలకర్త, టీకాకర్త ఒక్కరే కావడం దోషమని కొందరంటారు. కవి మనసులో ఏముందో తెలిసిన వ్యాఖ్యాత దొరకడం లోకంలో బహు అరుదు కాబట్టి దీన్ని గుణంగానే గ్రహించాలి.

మెదక్ సీమలోని కొల్చారం పేరుతో ముడిపడిన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఈ వ్యాఖ్యాత మొదటి మాట నిలబెట్టుకుంటాడు. రెండోది ఆయనకే చెల్లింది. ఆయన తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. చచ్చినవాడు లేచి మళ్ళీ ఆడే కళకు అంతకన్నా తగిన పేరు తోచక, ఆ పేరు అప్పు తెచ్చుకున్నాను.

ప్రతిపదార్థము. దీపము ఆర్పి = గదిలో ట్యూబులైటు తీసేసి; తలుపు = గది తలుపును; తెరువకుండగ = తల్లి గాని, భార్య గాని, పాలప్యాకెట్ల కుర్రాడు గాని హఠాత్తుగా తోయకుండా; మూసి = గడియపెట్టి; చెవుల = రెండు చెవులకూ; యంత్రము ఉంచి = హెడ్‌ఫోన్లు తగిలించుకొని; చేత = రెండు చేతులా, ఇది జాత్యేకవచనం; మీట = కంట్రోలరును; పట్టి = చెమటపట్టిన అరచేతులతో బిగించి; దయ్యమునకు = జపాను, స్వీడను, కెనడా, అమెరికా మొదలైన దేశాల్లో పుట్టి డిస్కుల మీదా డౌన్‌లోడ్ల మీదా మన ఇంటికొచ్చిన పిశాచాలకు; భయపడు నాతడే = జడిసేవాడే; మరణము ఒంది = చచ్చి; మరల = ఇంకోసారి; మొదలుపెట్టు = సేవ్ చేసుకున్న చోటు నుంచి ఆరంభించును.

టీక. "దీప మార్పి" అనడం దేనికి? ఆట అంటే చూడవలసిన వస్తువే కదా, వెలుగులో చూస్తే పోయేదేమిటని శంక. పోయేది రసం. భయానకానికి విభావాలు చెబుతూ భరతముని వికృతమైన ధ్వనులు, పిశాచాలు కనబడడం, నక్కల కూతలు, గుడ్లగూబల అరుపులు, అడవి, మనుషుల్లేని ఇల్లు వంటివి వరసగా చెప్పాడు. 1996లో క్యాప్‌కామ్ ప్లేస్టేషన్ కోసం తెచ్చిన రెసిడెంట్ ఈవిల్‌ను చూడండి. జపానులో దీని పేరు బయోహజార్డ్. అడవి ఉంది. అడవిలో తరిమే కుక్కలున్నాయి. తరుముకొచ్చి తోసేది మనుషుల అలికిడి లేని బంగళాలోకి. దర్శకుడు షింజి మికామి నాట్యశాస్త్రం చదివాడని నేననను గానీ, ముని చదివి ఉంటే నక్కల స్థానంలో కుక్కల్ని ఒప్పుకునేవాడే.

అయితే ఈ చీకటికి మునికి అందని కారణం ఇంకోటుంది. ఆనాటి ప్లేస్టేషన్ నిరుపేద యంత్రం. దాని ప్రధాన మెమరీ మొత్తం 2 మెగాబైట్లు. ఇవాళ ఫోనుతో తీసే ఒక్క ఫొటో చాలాసార్లు అంతకన్నా బరువు. ఒక ఊరు ఊరంతా ఒకేసారి గీసి చూపించడం దాని తరం కాదు. 1999లో కొనామి వారి బృందం సైలెంట్ హిల్ చేసినప్పుడు, దూరాన ఉన్నదాన్ని గీయలేని లోటును పొగమంచుతో కప్పింది. మంచు చాలని చోట చీకటి పోసింది. కనిపించేది నాలుగడుగుల మేర. ఆ అవతల ఏముందో గీసుకునే పని యంత్రం మనకే అప్పజెప్పింది. మన భయాల లెక్క మనకి తెలిసినట్టు కొనామి చిత్రకారులకేం తెలుసు? నేను గీసుకున్నవి వాళ్ళు గీసినవాటికన్నా ఎప్పుడూ ఘోరంగానే ఉండేవి.

రెసిడెంట్ ఈవిల్ తలుపుల సంగతీ ఇంతే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోయేటప్పుడు తెరంతా నల్లబడి, ఒక్క తలుపు మాత్రం కిర్రుమంటూ తాపీగా తెరుచుకుంటుంది. డిస్కు మీంచి తరవాతి గదిని చదువుకోవడానికి యంత్రానికి పట్టే సమయమది. వేరేవాళ్ళయితే అక్కడ "దయచేసి వేచి ఉండండి" అని బోర్డు పెట్టేవారు. ఆ తలుపు తెరుచుకునే లోపు ఆటగాడు తన తూటాలు లెక్కపెట్టుకుంటాడు, లెక్క తక్కువొస్తుంది, తలుపు ఆగదు. తరవాతి కాలంలో యంత్రాలు బలిసి ఈ తలుపులు అక్కర్లేకుండా పోయాయి. వేగం పెరిగినందుకు సంతోషించినవాళ్ళలో నేను లేను.

దీపం గురించి ఇంకొక వివాదం. 2004 నాటి డూమ్ 3లో చేతిలో టార్చి ఉంటే తుపాకీ ఉండదు, తుపాకీ తీస్తే టార్చి ఉండదు. చూస్తే కొట్టలేం, కొడితే చూడలేం. ఇది అన్యాయమని మొత్తుకున్న ఆటగాళ్ళు, తుపాకీకి టార్చిని టేపుతో అంటించినట్టు ఆటనే సవరించి పంచిపెట్టారు. 2012లో వచ్చిన కొత్త ప్రతిలో కంపెనీవారే కవచానికి దీపం తగిలించారు. ఈ వ్యాఖ్యాత ప్రాచీన పాఠాన్నే గ్రహిస్తాడు. స్వీడన్‌లోని ఫ్రిక్షనల్ గేమ్స్ వారు 2010లో అమ్నీషియాతో ఈ ముడిని ఇంకా బిగించారు. అందులో ఆయుధమన్నదే లేదు. చీకట్లో నిలబడితే మతి చలిస్తుంది, దీపం పెడితే రాక్షసుడికి జాడ తెలుస్తుంది. దాక్కున్నచోటు నుంచి వాణ్ణి తొంగి చూసినా మతి చలించేదే. అంటే కళ్ళు దించుకుని, చీకట్లో, పిచ్చెక్కుతుండగా గోడకి ఆనుకుని నిలబడడమే ఆట. దీన్ని ఆట అనవచ్చునా అని అడిగేవారికి సమాధానం చివర్లో ఉంది.

"తలుపు తెరువకుండగ మూసి." ఇక్కడ తలుపు రెండు విధాలు, ఇంటి తలుపు, ఆటలోని తలుపు. రెండోదానికి ప్రమాణం ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్, 2014, స్కాట్ కాథన్ అనే ఒక్క మనిషి చేసిన ఆట. మీరొక పిజ్జా దుకాణంలో రాత్రి కాపలాదారు. పగలు పిల్లలకు పాటలు పాడే మరబొమ్మలు రాత్రి మీ గదికి నడిచొస్తాయి. తలుపులు మూసుకోవచ్చు. కానీ మూసిన తలుపు కరెంటు తాగుతుంది, తెల్లారేదాకా ఉన్న కరెంటు ఇంతే. దాన్ని పొదుపు చేయడానికి తలుపు తీయాలి, బొమ్మ వస్తే వేయాలి. కరెంటు అయిపోయిందా, అంతా చీకటి. అమెరికాలో ఈ ఆటకి జనం ఎంత భయపడ్డారో గానీ, పరీక్షల ముందు రోజు రాత్రి కరెంటు కోతలో పెరిగిన తెలుగువాడికి మాత్రం ఇది కల్పన అనిపించదు.

"చెవుల యంత్ర ముంచి." యంత్రము ఉంచి అని పదవిభాగం. యంత్రాన్ని ముంచి అని చెప్పేవారు హెడ్‌ఫోన్లు ఉతికేవారై ఉంటారు. దయ్యం ముందు చెవిలోంచే వస్తుంది. సైలెంట్ హిల్‌లో నాయకుడి జేబులో చిన్న రేడియో ఉంటుంది. రాక్షసి దగ్గరికొస్తే అది బరబరమంటుంది. ఎటు నుంచి వస్తోందో చెప్పదు. ప్రమాదం ముందే తెలిస్తే భయం తగ్గాలని తర్కం. తెలిసి, దిక్కు తెలియకపోతే రెట్టింపవుతుందని అనుభవం. అకిరా యమవోకా ఆ ఆటకి కట్టిన సంగీతంలో సగం కార్ఖానా చప్పుళ్ళలా ఉంటుంది, మిగతా సగం మాత్రం అన్యాయంగా విషాదమధురం.

2014లో వచ్చిన ఏలియన్: ఐసొలేషన్ ఈ వ్యవహారాన్ని తిరగేసింది. మనం దయ్యాన్ని వినడం కాదు, దయ్యమే మనల్ని వింటుంది. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ యంత్రాల్లో మైకు పెట్టుకుంటే, గదిలో మనం చేసే చప్పుడు కూడా ఆటలోని అంతరిక్ష కేంద్రంలో తిరిగే జంతువుకి వినబడేలా ఏర్పాటు చేశారు. వంటింట్లో కుక్కరు కూసిందంటే భూమికి ఎక్కడో దూరాన జంతువు తల తిప్పుతుంది. దాని బుద్ధిని రెండు భాగాలుగా కట్టారు. మీరెక్కడున్నారో ఎల్లవేళలా తెలిసిన భాగం ఒకటి. ఏమీ తెలియక, కంటితో చెవితో వెతుక్కునే భాగం మరొకటి. మొదటిది రెండోదానికి అప్పుడప్పుడు "ఆ పక్కకెళ్ళి చూడు" అని సూచన ఇస్తుందే తప్ప చోటు చెప్పదు. చిత్రగుప్తుడికి అంతా తెలుసు, యమభటుడు మాత్రం ఇంటి నంబరు వెతుక్కోవాలి. ఈ న్యాయం నాకు మహా నచ్చింది.

"చేత మీట పట్టి." పద్యానికి ప్రాణం ఇక్కడుంది. అర్థం తేలిక, భావం బరువు.

రాంగోపాల్ వర్మ 'రాత్రి' 1992లో వచ్చింది. హాల్లో కళ్ళు మూసుకున్నవాళ్ళందరికీ ఒక ఊరట ఉండేది. మనం చూసినా చూడకపోయినా రీలు తిరుగుతుంది, దయ్యం తన పని తాను చూసుకుని పోతుంది, కళ్ళు తెరిచేసరికి ఇంటర్వెల్. పుస్తకం కొంత నయం, పేజీ తిప్పేది మన చెయ్యే. అయినా యండమూరి 'తులసిదళం'లో తులసి గతి ఏమవుతుందో ముందే అచ్చయి ఉంది. మనం పేజీ తిప్పినందువల్ల ఎవరికీ కొత్తగా ఆపద రాదు. వీడియో గేములో అలాక్కాదు. గంట సేపు కళ్ళు మూసుకున్నా ఆ వసారా అలాగే ఉంటుంది, చివర్లో ఆ తలుపూ అలాగే ఉంటుంది. మీట ముందుకు నెడితే తప్ప ఏమీ జరగదు. దయ్యం ఉన్న గదిలోకి మనల్ని ఎవరూ ఈడ్చుకుపోరు. మన బొటనవేలితో మనమే వెళ్ళాలి. ఆలంకారికులు సహృదయుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి రసం అందించారు. ఇక్కడ సహృదయుడే వేషం కట్టి, చీకట్లో స్టేజీ ఎక్కి, తన భయానికి తానే కారకుడవుతున్నాడు. భయానక రసం సంపూర్ణంగా పండేది ఈ కళలోనే అని ఈ వ్యాఖ్యాత సిద్ధాంతం. ఎదురువాదం ఉన్నవారు ముందు అమ్నీషియాలో నీళ్ళు నిండిన ఆ నేలమాళిగ దాటి వచ్చి మాట్లాడాలి.

"దయ్యమునకు." బహువచనార్థంలో ఏకవచనం. 1980లో తోరు ఇవతాని నామ్కో కోసం చేసిన ప్యాక్‌మ్యాన్‌లో నాలుగు దయ్యాలుంటే నాలుగింటికీ నాలుగు స్వభావాలు. ఎర్రది వెంటపడుతుంది, గులాబీది మనం పోబోయే చోటుకి ముందే చేరాలని చూస్తుంది, నారింజది దగ్గరదాకా వచ్చి తనే పక్కకు తప్పుకుంటుంది. నాకు మొదటి పరిచయం మాత్రం డేవ్. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో డాస్ కమాండ్లు నేర్పే గంటలో, సారు అటు తిరగ్గానే తెర మీద లేచే ఎర్రటోపీవాడు. వాడే 1991లో డేంజరస్ డేవ్ ఇన్ ద హాంటెడ్ మాన్షన్‌గా తుపాకీ పట్టుకుని దయ్యాల కొంపకి బయల్దేరాడు. జాన్ రొమేరో, జాన్ కార్మాక్‌లు ఉన్న బృందం సాఫ్ట్‌డిస్క్ కోసం చేసిన ఆట అది. ఆ బృందమే 1993లో డూమ్‌తో లోకాన్ని ఊపింది. నాకప్పుడు ఈ పేర్లేవీ తెలియవు. కిటికీలోంచి శవం దూకితే కీబోర్డు వదిలేసి బెంచీ వెనక్కి జరిగేవాణ్ణని మాత్రం తెలుసు. జరిగినవాడు మళ్ళీ ముందుకొచ్చి కూర్చున్నాడు. నా జీవితకథలో రెసిడెంట్ ఈవిల్ ముందు ఘట్టం ఇంతే.

"భయపడు." భయానకాన్ని ముని మూడు రకాలుగా విభజించాడు. వ్యాజం వల్ల, అంటే నటనగా చూపేది. అపరాధం వల్ల పుట్టేది. బెదిరింపు వల్ల కలిగేది. శతాబ్దాల తరవాత ఈ విభాగం ఇంత అక్షరాలా పనికొస్తుందని ఎవరూ ఊహించి ఉండరు. మూల తిరగ్గానే ముఖం మీదకి దూకే మరబొమ్మ బెదిరింపు జాతి. అది తేలిక విద్య. వెనకనించి "భౌ" అన్నవాడికీ వస్తుంది. కెమెరా పెట్టుకుని, వేలమంది చూస్తుండగా కుర్చీలోంచి ఎగిరిపడి కేకలు పెట్టే యూట్యూబు ఆటగాళ్ళది వ్యాజం. నిజంగా భయపడ్డవాడు అరవడు, గొంతు పెగలదు. సాత్త్విక భావాల్లో స్తంభం, స్వరభేదం ముందే చెప్పి ఉంచారు.

అపరాధ భయానకానికి ఉదాహరణ ఒక్కటే, 2001 నాటి సైలెంట్ హిల్ 2. జేమ్స్ అనేవాడికి మూడేళ్ళ కిందట పోయిన భార్య నుంచి ఉత్తరం వస్తుంది, ఫలానా ఊరికి రమ్మని. వెళ్తాడు. కథ తెలియకుండా ఆడదలచినవారు ఇక్కణ్ణించి మూడు వాక్యాలు దాటేయండి. ఆ ఊళ్ళో అతనికి ఎదురయ్యే వికారాలు చాలావరకు అతని మనసులోంచి లేచినవే. భార్యను చంపింది తనే. ఇనప త్రికోణం తలగా గలవాడొకడు కత్తి ఈడ్చుకుంటూ వెంటపడేది శిక్ష కావాలని జేమ్సే కోరుకున్నందుకు. చివర్లో నేను భయపడలేదు, చాలాసేపు కంట్రోలరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. భయానికీ కరుణకూ మధ్య సరిహద్దు ఆ రాత్రి నాకు చెరిగిపోయింది. భయాన్ని నీచపాత్రలకు కేటాయించి, ఉత్తములకు ఉత్సాహం చాలన్న మాట దగ్గర మాత్రం మునితో నాకు పేచీ. జేమ్సును చూశాక ఆ కేటాయింపు నేనొప్పుకోను.

"మరణ మొంది మరల మొదలుపెట్టు." ఇందులో క్రమం గమనించాలి. చచ్చి మొదలుపెట్టడం. చైనా సరుకు యంత్రాల్లో క్యాసెట్టు ఊది పెట్టి కాంట్రా ఆడిన తరానికి దక్కినవి మూడు ప్రాణాలు; మీద మీద, కింద కింద, ఎడమ కుడి ఎడమ కుడి అన్న మంత్రం తెలిసినవాడికి ముప్ఫై. ఆ మంత్రం కొనామి వారిదే. రెసిడెంట్ ఈవిల్ వచ్చి ఈ దానధర్మాలు ఆపేసింది. చేరినంత వరకు దాచుకోవాలంటే టైపురైటరు దగ్గరికి పోవాలి, దానికి రిబ్బను కావాలి, ఆ రిబ్బన్లు కొన్నే దొరుకుతాయి. ప్రాణం నిలబడడానికి సిరా ఖర్చుపెట్టించిన ఏకైక కళ ఇది. రాసేవాళ్ళకి ఇందులో ఓదార్పు ఉంది.

ఈ మరలడం పరాయిది కాదా అంటే, కాదు. చందమామలో శంకర్ గీసిన బొమ్మ తలచుకోండి. భుజాన శవం, చేత కత్తి, చుట్టూ శ్మశానం. విక్రమార్కుడికి విధించిన నియమం ఒక్కటే, మౌనం. నోరు తెరిస్తే శవం ఎగిరి మళ్ళీ చెట్టెక్కుతుంది. తెలిసీ జవాబు చెప్పకపోతే తల పగులుతుంది. నియమం, దాన్ని తప్పించే ఎర, తప్పితే మొదటి చోటుకి రావడం. గేము చేసేవాళ్ళు ఇవాళ ఏ కొలతలతో పని చేస్తారో అవన్నీ అందులో ఉన్నాయి. రాజు ఒక్కసారీ విసుక్కోకుండా చెట్టు దగ్గరికి నడవడం నాకు చిన్నప్పుడు వింతగా ఉండేది. కంట్రోలరు చేతికొచ్చాక ఉండలేదు.

శంక. ఇది మా అమ్మది, పూర్వపక్షంగా గ్రహించాలి. "ఒరేయ్, డబ్బిచ్చి మరీ జడుసుకోవడమేమిట్రా? ఊరికే జడుసుకుంటే సరిపోదూ?"

సమాధానం. "అమ్మా, నువ్వు టికెట్టు కొని ఏడవలేదూ?" అని ప్రతిప్రశ్న. అమ్మ ఒప్పుకోలేదు. ఏడిస్తే గుండె తేలికవుతుందట, జడుసుకుంటే జ్వరమొస్తుందట. లోకంలో ఊరికే దొరికే భయాలకు మళ్ళీ మొదలుపెట్టే మీట ఉండదని, ఆసుపత్రి వరండాలో నిలబడ్డ రోజుల్లో నాకు లేనిది అదేనని, అందుకే ఇదీ ఆటేనని చెప్పాను. అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే లైటేసుకుని ఆడు" అంది. పూర్వపక్షం ఇంకా ఖండితం కాలేదు.

ఒక లుప్తగ్రంథం. 2014 ఆగస్టులో పి.టి. అనే చిన్న ఆట ప్లేస్టేషన్ 4లో ఉచితంగా వెలువడింది. ఒక ఇంటి నడవా, ఒక మలుపు, చివర తలుపు. తలుపు తీస్తే మళ్ళీ అదే నడవా మొదలు, కాస్త తేడాతో. ఇది హిడియో కొజిమా, సినిమా దర్శకుడు గియెర్మో డెల్ టోరో కలిసి తలపెట్టిన సైలెంట్ హిల్స్‌కు ప్రకటన అని, పూర్తిచేసినవాళ్ళకే తెలిసింది. 2015 ఏప్రిల్‌కల్లా ఆ పెద్ద ఆట రద్దయింది, ఈ చిన్నదాన్ని దుకాణం నుంచి తీసేశారు. అప్పటికే దించుకున్న యంత్రాల్లో తప్ప మామూలు దారిలో ఇక దొరకదు. తాళపత్రాలే చెదలు తిన్నాయని, డిజిటల్ సరుకు చిరంజీవి అని నమ్మేవారు ఈ ఉదంతం గుర్తుంచుకోవాలి.

తాత్పర్యము. "ఇంకో పావుగంటలో పడుకుంటా."

విన్నపము. హైదరాబాదులో గేములు తయారుచేసే కుర్రవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకొక మాట. మా చిన్నప్పుడు ఊళ్ళల్లో ఇళ్ళ గోడల మీద, తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుండేది. కన్నడ దేశంలో దీన్నే "నాళె బా" అని రాసుకున్నారు. రాత్రి దయ్యం తలుపు కొడుతుంది, తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుంది, పలికితే చావు. గోడ మీది మాట చదువుకుని వెనక్కి పోతుంది, మర్నాడు మళ్ళీ వస్తుంది, మళ్ళీ అదే చదువుకుని పోతుంది. ఇంతకన్నా తయారుగా ఉన్న ఆట ఏ దేశంలో ఉంది? చేతిలో అరిగిపోయే సుద్దముక్క ఒకటి ఇవ్వండి. వాన పడితే రాత చెరగాలి. మైకు తెరిచి ఉంచండి, బయట పిలిచే గొంతుకి పొరపాటున "ఆఁ" అన్నవాడు మొదటికి రావాలి. జాంబీలను, జపాను బడిపిల్లలను అరువు తెచ్చుకోవద్దు. పెద్ద యంత్రాలున్నాయి కదా అని ఊరంతా వెలుగు పరిచి చూపించొద్దు. ధర ఎంతైనా పెట్టండి, కొనడానికి నేనున్నాను. ఎంతకి కొన్నానో మాత్రం అమ్మకు చెప్పకండి.